సమాధానం: వైఫై వేగం హాల్లో 100 ఎంబీపీఎస్, పడగ్గదిలో 5

హాల్లో బాగా వచ్చే వైఫై పడగ్గదిలో ఎందుకు పడిపోతోందని అడిగారు. ఇంటర్నెట్ లైన్ తప్పు కాకపోవచ్చు. మీ రౌటర్ వైఫైని రెండు బ్యాండ్లలో, అంటే రెండు రకాల రేడియో తరంగాల మీద ఇస్తుండొచ్చు: 5 గిగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్. పడగ్గదిలో కూడా మీ ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌నే పట్టుకుని ఉన్నట్టుంది. దానికి వేగం ఎక్కువే గానీ, గోడ దాటేసరికి నీరసపడుతుంది. 2.4 నెమ్మది, కానీ గోడలు దాటుతుంది.

1. రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీసి, ఇనుప బీరువాకు దూరంగా, ఎత్తులో పెట్టండి.
2. సెట్టింగ్స్‌లో రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు ఇవ్వండి. పడగ్గదిలో ఫోన్‌ను 2.4కి కలపండి.
3. చాలామంది వదిలేసేది ఇదే: 2.4లో ఛానల్ (బ్యాండ్‌లో రౌటర్ వాడే భాగం) 'ఆటో' తీసేసి 1, 6, 11లో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. ఏది ఖాళీయో వైఫై ఎనలైజర్ యాప్‌లో కనిపిస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ ఒకే ఛానల్ మీదుంటే వంతులేసుకోవాల్సిందే. 3, 4 లాంటివి మాత్రం వద్దు, అటు 1తో, ఇటు 6తో రెండు వైపులా గొడవే. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు.

పడగ్గదిలో 100 ఎంబీపీఎస్ ఆశించకండి. 30 వచ్చినా వీడియో ఆగదు. కదలని డెస్క్‌టాప్ ఉంటే దానికి కేబుల్ లాగేయండి.