కొండెక్కే ముందు పేస్‌మేకర్ సంగతి చూసుకో

తిరుపతి

అల్లుడికి,

మీ అమ్మ ఫోన్ చేసింది. చెకప్‌లో నీ పేస్‌మేకర్ సెట్టింగులు మార్చినారంట, రేట్ రెస్పాన్స్, అంటే కష్టపడేకొద్దీ గుండె వేగం పెంచే ఏర్పాటు, కొత్తగా ఆన్ చేసి పై రేటు నిమిషానికి 130 పెట్టినారంట. నువ్వేమో వచ్చే నెలే కాలినడకన కొండెక్కుతానని కూర్చున్నావంట. ఎక్కొద్దని నేననను. తారీఖు మాత్రం ఇప్పుడే పెట్టుకోవద్దు. ముందు సెట్టింగు నీ ఒంటికి కుదరాలి, ఆ తర్వాతే టికెట్లు, రూములు.

ఇన్నాళ్లూ మెట్లెక్కినా నీ గుండె 60 దగ్గరే ఆగిపోయేది, అందుకే ఆ ఆయాసం. ఇప్పుడు నువ్వెంత కష్టపడుతున్నావో మెషీనే అంచనా వేసి వేగం పెంచుతుంది. చాలా పేస్‌మేకర్లలో ఆ అంచనా వేసేది ఒంటి కదలికను పట్టే సెన్సార్. చదును నేల మీద చేతులూపుకుంటూ నడిస్తే దానికి బాగా తెలుస్తుంది. మెట్ల దగ్గరే తికమక. ఎక్కేటప్పుడు నిదానంగా అడుగేస్తాం, ఒళ్లు పెద్దగా అదరదు, అది తక్కువ వేగమే ఇస్తుంది. దిగేటప్పుడు అడుగు దబ్బున పడుతుంది, ఒళ్లంతా అదురుతుంది, అప్పుడు వేగం పెంచేస్తుంది. కావలసింది సరిగ్గా దానికి తలకిందులు! గతుకుల రోడ్డులో బస్సెక్కితే దడగా ఉందన్నావంట కదా, అది కూడా ఈ అదురు వల్లే అయ్యుండొచ్చు. కొన్ని మెషీన్లలో ఊపిరి ఎంత లోతుగా, ఎంత వేగంగా తీస్తున్నావో చూసే సెన్సార్ ఉంటుంది, అది మెట్లకు మేలు.

కాబట్టి ఇంకోతూరి చెకప్‌కు పోయినప్పుడు మూడు మాటలు అడుగు. నా మెషీన్‌లో ఏ సెన్సార్ ఉంది? కింది రేటు, పై రేటు ఎంత? ఎంత కదిలితే వేగం పెరగడం మొదలవుతుంది? మారిన సెట్టింగుల ప్రింటు అడిగి తీసుకో, ఇస్తారు. సిగ్గుపడకుండా ఇంకొకటి కూడా చెప్పు: ‘‘సార్, నేను మెట్లెక్కాల్సినవాణ్ణి, వరండాలో నడిపించి పంపొద్దు, ఆసుపత్రి మెట్ల మీద నడిపించి చూడండి’’ అని. ఎక్కి దిగినాక టెక్నీషియన్ మెషీన్‌లోని గ్రాఫు తీసి చూస్తే వేగం ఎంతదాకా పోయిందో తెలుస్తుంది. చాలకపోతే అక్కడికక్కడే సరిచేస్తారు, కోత లేదు, నొప్పి లేదు. పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లలో చాలామంది ఈ మాట అడగనే అడగరు, ఒకసారి పెట్టినారంటే అదే శాశ్వతం అనుకుంటారు.

నా సెట్టింగు చెప్పమని మాత్రం అడగొద్దు. నా జబ్బు వేరు. నాకు గుండె పై గది కొట్టిన దెబ్బ కింది గదికి చేరదు, నా మెషీన్ పై గదిని వెంబడించి పోతుంది. పై హద్దు తక్కువగా ఉంటే, ఎక్కేటప్పుడు పై గది ఆ హద్దు దాటినాక మెషీన్ కొన్ని దెబ్బలు వదిలేస్తుంది, కాళ్లలో సత్తువ ఉన్నట్టుండి జారిపోతుంది. ఇద్దరికీ పేస్‌మేకరే, అంకెలు మాత్రం ఎవరివి వాళ్లవే.

ఇంటికొచ్చినాక కొన్ని వారాలు దానితో బతికి చూడు. పొద్దున్నే నడక, తర్వాత మిద్దె మెట్లు, రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పో. ఆగిన వెంటనే మణికట్టు దగ్గర నాడి అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేసి రాసుకో, పక్కనే ఎలా ఉందో కూడా రాయి. వాచీ చూపించే అంకె ఒక్కదాన్నే నమ్మొద్దు. ఊరికే కూర్చున్నప్పుడు దడ, మెడలో ఉబ్బుతున్నట్టు కొట్టుకోవడం, ఆగని ఎక్కిళ్లు ఉంటే కొండ మాట పక్కనబెట్టి డాక్టరుకు ఫోన్ చెయ్యి. కళ్లు తిరిగి పడిపోతే, గుండెనొప్పి వస్తే ఫోన్లు కూడా వద్దు, నేరుగా ఆసుపత్రికే. గుండె వేగం తగ్గించే మాత్రలేవైనా వాడుతుంటే నీ అంతట నువ్వు ఆపొద్దు.

ఇక దారి. శ్రీవారి మెట్టు 2388 మెట్లే కదా అని ఆశపడొద్దు. రెండు కిలోమీటర్లలో అంత ఎత్తూ ఎక్కించేస్తుంది, మధ్యలో బండి అందే రోడ్డు లేదు. అలిపిరి దారి 3550 మెట్లు, దూరం కూడా ఎక్కువే, అయినా నీకు అదే నయం. గాలిగోపురం దాకా దాదాపు రెండు వేల మెట్లు నిట్టనిలువు, ఆ తర్వాత చాలా దూరం చదును, చివర్న మోకాళ్ల పర్వతం మళ్లీ కష్టం. చదునులో కొంతదూరం దారి ఘాట్ రోడ్డు పక్కనే పోతుంది, అయితే అది కొండ దిగే బండ్లకు వదిలిన రోడ్డు. అక్కడ ఆగిపోతే తిరుపతికి దిగిరావడమే, పైకి పోలేవు. గుండెజబ్బు ఉన్నవాళ్లు నడకదారి పెట్టుకోవద్దని దేవస్థానం వాళ్లే చెప్తున్నారు, అది గుర్తుపెట్టుకో. నీ డాక్టరు సరే అంటేనే కదులు.

మొదటి పది నిమిషాలు మరీ నిదానంగా ఎక్కు, ఒంటికి అలవాటుపడే వ్యవధి కావాలి. గట్టు కనబడగానే దబ్బున కూలబడొద్దు, నాలుగడుగులు తిరిగి కూర్చో. సామాను అలిపిరిలో ఇస్తే ఉచితంగా పైకి చేరుస్తారు, భుజం పట్టీ మెషీన్ మీద ఒరుసుకునే బాధ ఉండదు. మాత్రలు, పేస్‌మేకర్ కార్డు మాత్రం నీ దగ్గరే ఉంచుకో. ఫోను ఎడమ జేబులో వద్దు. తనిఖీ దగ్గర కార్డు చూపించి, చేతి డిటెక్టర్‌ను మెషీన్ మీద ఆపి పెట్టొద్దని చెప్పు. మెటల్ డిటెక్టర్ ఫ్రేములోంచి ఆగకుండా నడిచిపోతే భయం లేదు.

మొక్కు ఆలస్యమైతే ఎట్లా అని మీ అమ్మ దిగులు. వడ్డికాసులవాడు వడ్డీ అడిగితే నేను కడతానన్నానని చెప్పు.

చెకప్ తేదీ ఖాయం కాగానే తెలియజెయ్యి, నేనూ వస్తా. ఆ ప్రింటు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు, గ్రాఫు చూసినాక తారీఖు మాట్లాడదాం. రూము సంగతి నేను చూసుకుంటా.

ఇట్లు,
మీ మామ