ఎడమ షూలో సెన్సార్ పెట్టేముందు

చిట్టీ,

మీ అమ్మ నిన్న ఫోన్‌లో అరగంట సేపు లోకం కబుర్లన్నీ చెప్పి, పెట్టేసే ముందు మెల్లగా అసలు సంగతి బయటపెట్టింది. నువ్వు హాఫ్ మారథాన్‌కి పేరిచ్చావట. ఫోన్ ఇంట్లో వదిలేసి, పాటలు వినే నా పాత బుల్లి పెట్టె ఐపాడ్ నానో, పరుగు దూరం లెక్కగట్టే షూ సెన్సార్ పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తావట. "అక్కా, దానికి నువ్వైనా చెప్పు" అంది. మానెయ్యమని చెప్పాలో, ఎలా చెయ్యాలో చెప్పాలో మాత్రం తేల్చలేదు. నేను రెండోదే అనుకుని రాస్తున్నాను.

ఆ నానో డబ్బా పోయినసారి వచ్చినప్పుడు నా అలమరలోంచి నువ్వే పట్టుకెళ్లావని కూడా నిన్ననే తెలిసింది. అడిగితే ఇవ్వనుటే? నెల రోజులుగా నేనే ఎక్కడో పారేసుకున్నానని ఇల్లంతా వెతుకుతున్నాను.

సరే. ఫోన్ పెట్టేశాక కాసేపు కూర్చోలేకపోయాను. 21 కిలోమీటర్లు! మన పిల్ల! హాల్లో ఆ చివరినుంచి ఈ చివరికి నాలుగుసార్లు తిరిగాను. అయిదోసారి తిరుగుతుంటే నా ఎడమ కాలి ఎముక గుర్తొచ్చింది. కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. అందుకే ఈ ఉత్తరం.

ముందు చిన్న విషయాలు. నానో వీపు ఉబ్బినట్టు కనిపిస్తే ఛార్జింగ్ పెట్టకు, దాని సంగతి అంతటితో మర్చిపో. బాగానే ఉంటే, కింద ఉన్న వెడల్పాటి సందులో, సెన్సార్ కబురు అందుకునే ఆ చిన్న తెల్ల రిసీవర్ గుచ్చు. ఛార్జింగ్ వైరుకీ అదే సందు కాబట్టి ముందురోజు రాత్రే ఛార్జ్ చేసి పెట్టుకో. డబ్బాలో సెన్సార్లు రెండుంటాయి. గీతలు పడ్డది చచ్చిపోయింది. దాని బ్యాటరీ మార్చడానికి వీల్లేదు, లోపలే పెట్టి మూసేశారు. సుమారు వెయ్యి గంటలు వస్తుందనేవారు, నాకు వచ్చింది కూడా. రెండోది నేను వాడనే లేదు. ఇన్నేళ్లు డబ్బాలో పడుకున్నాక అందులో ప్రాణం ఉందో లేదో నడిస్తేనే తెలుస్తుంది. సెన్సార్‌ని లేపడానికి కాస్త నడవమని నానో తెర మీద వస్తుంది. నువ్వు నడుస్తూనే ఉన్నా ఆ మాట అలాగే నిలబడిపోయిందంటే అదీ పోయినట్టే. ఏడవకు. బటన్ సెల్ మార్చుకునే కొత్త రకం షూ సెన్సార్, ఫుట్ పాడ్ అంటారు, అదొకటి, పాటలు పట్టే వాచీ ఒకటి తీసుకో. ఇక్కడ నేను రాసేదంతా దానికీ పనికొస్తుంది.

సెన్సార్ ఎడమ షూలో ఇన్‌సోల్ కింద పెట్టేది. దానికోసం గుంట ఉన్న షూలు అప్పట్లో వచ్చేవి. నీ షూలో గుంట ఉండదు కాబట్టి లేసుల మీద వెల్‌క్రో పౌచ్‌లో పెట్టి గట్టిగా బిగించు. అటూ ఇటూ ఊగితే లెక్క చెడుతుంది. గుంట లేదు కదా అని ఇన్‌సోల్ కింద ఉత్తినే తోసెయ్యకు, అరికాలికి గుచ్చుకుని నడక మారిపోతుంది.

నైకీ ప్లస్ ఐపాడ్ అనే ఈ సెన్సార్ 2006లో వచ్చింది. ఇప్పటి పిల్లలకు నవ్వొస్తుందేమో గానీ, షూలోంచి ఐపాడ్‌కి కబురు వెళ్లి, పాట మధ్యలో ఒక గొంతు "రెండు కిలోమీటర్లు పూర్తయ్యాయి" అని ఇంగ్లిష్‌లో చెప్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. నానోలో తిరిగే డిస్కు లేదు, అంతా చిప్పే. అందుకే ఎంత ఎగిరినా పాట తడబడేది కాదు. దానికి ముందు నేను సీడీ ప్లేయర్ చేత్తో పట్టుకుని నడిచేదాన్ని, నిండు గిన్నె మోస్తున్నట్టు. మన రికార్డు మనమే దాటినప్పుడు ఎవరైనా ప్రసిద్ధుల గొంతుతో అభినందనలు చెప్పేది. ఒకసారి నాకు సైకిల్ వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పాడు. వారం రోజులు తేలిపోయాను. 2012లో డోపింగ్ కేసులో ఆయన టూర్ డి ఫ్రాన్స్ విజయాలు ఏడూ లాగేసుకున్నారు. నా రికార్డు మాత్రం నాకే ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. క్యాలిబ్రేషన్.

ఆ సెన్సార్‌కి దూరం తెలియదు చిట్టీ. దానికి తెలిసిందల్లా నీ పాదం నేలని ఎప్పుడు తాకింది, ఎంతసేపు ఆనింది, ఎప్పుడు లేచింది, అంతే. వేగంగా పరుగెత్తేకొద్దీ పాదం నేల మీద ఉండే సమయం తగ్గుతుంది. దాన్నిబట్టి వేగం, వేగాన్నిబట్టి దూరం లెక్కగడుతుంది. అందుకే ట్రెడ్‌మిల్ మీద కూడా పనిచేస్తుంది, జీపీఎస్‌కి అక్కడ దిక్కు తోచదు. కానీ నీ అడుగు వేరు, నా అడుగు వేరు కదా. కొలిచిన దూరం ఒకటి పరుగెత్తి చూపించి, "ఇదీ నాలుగు వందల మీటర్లంటే" అని దానికి మనమే చెప్పాలి. మెనూలో నడకకు వేరే, పరుగుకు వేరే ఉంటాయి. రెండూ చెయ్యి.

2007లో నేను ఇదే చేశాను. అప్పుడు నాకు నలభై ఆరేళ్లు. 400 మీటర్ల ట్రాక్ దొరికింది, ఇంకేం కావాలి? పొద్దున్నే వెళ్లాను. లోపలి లేన్లలో కుర్రాళ్లు రయ్యిమని దూసుకుపోతున్నారు. వాళ్ల దారికి అడ్డం ఎందుకని మెల్లగా జరిగి జరిగి ఆరో లేన్‌లో నిలబడ్డాను. బటన్ నొక్కాను, ఒక చుట్టు పరుగెత్తాను, మళ్లీ నొక్కాను. 400 అని చెప్పాను. అది నమ్మింది.

ఆ తర్వాత మొదలైంది. సెన్సార్ రాకముందు ఒక 5 కిలోమీటర్ల పరుగు 37 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేశాను. అంటే కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు. సెన్సార్ పెట్టుకున్న మర్నాడు అదే ఊపులో పరుగెత్తి బటన్ నొక్కి అడిగితే, 8 నిమిషాల 12 సెకన్లు అంది. నిద్ర సరిపోలేదనుకున్నాను. రెండో రోజూ అంతే. వయసు మీద పడుతోందనుకున్నాను. స్టాఫ్ రూమ్ మెట్లెక్కుతుంటే కూడా అదే ఆలోచన. ఒంట్లో హాయిగానే ఉంది, ఊపిరి బాగానే ఆడుతోంది, అయినా నా ఊపిరిని కాకుండా చెవిలో గొంతునే నమ్మాను. అది యంత్రం కదా, దానికి నా మీద కోపమా, అభిమానమా!

పంతం పట్టాను. అది ఏడున్నర చెప్పేదాకా వదలకూడదనుకున్నాను. నాలుగు వారాలు. మీ పెదనాన్న "ఎవరు తరుముతున్నారు నిన్ను?" అని అడిగితే విసుక్కున్నాను. మూడో వారంలో ఎడమ కాలి ముందు ఎముక మీద, మడమకి జానెడు పైన, నొప్పి మొదలైంది. ముందు పరుగయ్యాక వచ్చేది. తర్వాత పరుగులోనే వచ్చేది. ఆఖరికి రాత్రి పడుకున్నా వదల్లేదు. వేలితో నొక్కితే ఒకే ఒక్క చోట, బొట్టుబిళ్లంత చోట, ప్రాణం పోయేది. పిక్క ముందుభాగం పొడుగునా లాగితే అది వేరే, విశ్రాంతితో సర్దుకుంటుంది. ఇలా ఒక్క బిందువులో నొప్పి ఉంటే మాత్రం ఆ రోజే ఆపెయ్యాలి. నేను ఆపలేదు. క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని ఇంకో వారం పరుగెత్తాను. చివరి రోజు ఆ గొంతు ఏడున్నర చెప్పింది. నేను చప్పట్లు కొట్టుకుంటూ కుంటుకుంటూ ఇంటికొచ్చాను.

ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. మొదట్లో కనబడకపోవచ్చట. ఎంఆర్ఐలో కనబడింది, సన్నటి చీలిక. స్ట్రెస్ ఫ్రాక్చర్. ఎనిమిది వారాలు పరుగు లేదు.

ఆ ఎనిమిది వారాల చివర్లో, కాస్త నడవచ్చన్నాక, అదే ట్రాక్‌కి వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. పిల్లలు 400 మీటర్ల పందేనికి వరసలో నిలబడుతున్నారు. వరస కాదే, మెట్లు మెట్లుగా, ఒక్కో లేన్‌వాడు తన లోపలి లేన్‌వాడికంటే కొంచెం ముందుకి. ఎందుకలా నిలబడతారో నాకు తెలియదా? టీవీలో వందసార్లు చూశాను. చూస్తూ చూస్తూ ఉండగా నా చేతిలో నీళ్ల సీసా జారిపోయింది. బయటి లేన్ పొడుగెక్కువ!

లేన్ వెడల్పు 1.22 మీటర్లు. తిన్నగా ఉన్నచోట తేడా లేదు, మలుపుల్లో ఉంది. ఒక లేన్ బయటికి జరిగితే చుట్టుకి ఏడు మీటర్ల పైచిలుకు కలుస్తుంది. ఆరో లేన్‌కి వచ్చేసరికి చుట్టు 400 కాదు, దాదాపు 438 మీటర్లు. నేను 438 పరుగెత్తి 400 అని చెప్పాను. అది పాపం ఆ అబద్ధాన్నే ప్రతి కిలోమీటరులోనూ తిరిగి నాకే చెప్పింది. నేను మొదటినుంచీ ఏడున్నరలోనే ఉన్నాను. అది ఏడున్నర అన్న రోజున నిజంగా నేను పరుగెత్తింది 6 నిమిషాల 51 సెకన్ల వేగంతో. దాని లెక్కలో పది కిలోమీటర్లంటే నా కాళ్ల లెక్కలో 940 మీటర్లు ఎక్కువ. ఎముక విరగక ఏం చేస్తుంది?

ఇందులో నాకు ఇప్పటికీ మింగుడు పడనిది ఏమిటో తెలుసా? అప్పటికి ఇరవై ఏళ్లుగా నేను పిల్లలకి చెప్తున్నది లెక్కలు. వృత్తం చుట్టుకొలత రెండు పై ఆర్ అని బోర్డు మీద రాసి, "వ్యాసార్థం పెరిగితే ఏమవుతుంది?" అని అడిగి, జవాబు రానివాళ్లని నిలబెట్టిన దాన్ని. మీ పెదనాన్నకి ఈ సంగతి చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఆ కాలు తన ఒళ్లో పెట్టుకుని నొప్పి చోటు వెతికాడు, అప్పటికి నొప్పే లేదు. ఇది చదివి నువ్వు నవ్వుతావు. నవ్వు, ఫర్వాలేదు.

కాబట్టి మొదటి లేన్‌లోనే, లోపలి గట్టుకి జానెడున్నర దూరంలో పరుగెత్తు. కుర్రాళ్లు ఉంటే ఉండనీ, ఒక్క చుట్టుకి వాళ్లేమీ అరిగిపోరు. నువ్వు రోజూ పరుగెత్తే వేగంతోనే పరుగెత్తు, కొలుస్తోంది కదా అని ఎగిరెగిరి పడకు. అయ్యాక తెలిసిన దూరం ఇంకోటి పరుగెత్తి సరిచూడు. షూ మారిస్తే మళ్లీ మొదటినుంచి. ఎత్తు ఎక్కేటప్పుడు, బాగా అలిసిపోయి కాళ్లు ఈడుస్తున్నప్పుడు అది ఎలాగూ కాస్త తడబడుతుంది, పట్టించుకోకు. ఏ రోజు పరుగు ఆ రోజు నోట్‌బుక్‌లో రాసుకో. అప్పట్లో కంప్యూటర్‌కి తగిలిస్తే అన్నీ వెబ్‌సైట్‌లోకి ఎక్కేవి, ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. సెన్సార్ చెప్పిన అంకె పక్కన "మాట్లాడుతూ పరుగెత్తగలిగానా?" అని ఒక గడి పెట్టుకో. ఆ రెండింటికీ పొసగకపోతే ముందు అంకెనే అనుమానించు.

నా రెండో భయం చెవులు. మీ అమ్మ నవ్వుతుంది గానీ నువ్వు విను. ఒకసారి వెనకనుంచి ఒక సైకిలబ్బాయి గంట కొడుతూనే ఉన్నాడట, నాకు తెలియనే లేదు. హ్యాండిల్ నా మోచేతికి రాసుకుంటూ పోయింది, అంతే. దెబ్బ కూడా తగల్లేదు. కానీ ఆ చల్లటి ఇనుము తాకిడి ఈ మోచేతికి ఇప్పటికీ గుర్తే. రెండు చెవుల్లోనూ పెట్టుకోవద్దు. రోడ్డయితే వాహనాలకి ఎదురుగా పరుగెత్తు, రోడ్డు వైపు చెవి ఖాళీగా వదిలెయ్యి. పాట వింటున్నా నీ అడుగుల చప్పుడు నీకు వినబడాలి. పందెం రోజు పాటలకి ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కో, కొన్ని చోట్ల ఒప్పుకోరు.

ఇంకోటి. నానో నడిమి బటన్ నొక్కి పట్టుకుంటే నీకు హుషారిచ్చే పాట ఒకటి టక్కున వస్తుంది, పవర్ సాంగ్ అంటారు. దాన్ని 15 కిలోమీటర్లు దాటేదాకా ముట్టుకోకు. మొదటి కిలోమీటరులో హుషారు పాట పెట్టుకుంటే కాళ్లు పాట వెనక పడతాయి, ఆయాసం ఆఖర్న నీకు మిగులుతుంది.

పరుగుకి కాకుండా మామూలుగా ఆ షూలు వేసుకుని బయటికి వెళ్తే సెన్సార్ ఆపేసి వెళ్లు. దాని మీద చిన్న గుంటలో బటన్ ఉంటుంది, పెన్ను మొనతో మూడు సెకన్లు నొక్కి పట్టుకో. బ్యాటరీ కోసం మాత్రమే కాదు. నువ్వు అడుగేస్తున్నంతసేపూ అది తనదైన ఒక నంబరు గాల్లోకి పంపుతూనే ఉంటుంది. దాదాపు 60 అడుగుల దూరంనుంచి కూడా ఆ నంబరు పట్టుకోవచ్చని 2006లోనే యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకులు చేసి చూపించారు. ఈ కాలంలో ఎవరు పట్టుకుంటారు పెద్దమ్మా అంటావు. ఎవరూ పట్టుకోరులే. అయినా ఆపేసి వెళ్లు, నా కోసం.

కాలు నొప్పంటే మీ అమ్మకి చెప్పకపోయినా నాకు చెప్పాలి. ఎక్కడో వేలితో చూపించి ఫొటో పంపు, ఒక్క చోటా, పొడుగునా అని.

పౌచ్ కొనకు. నా పాత షూలు పారేసినా వాటి వెల్‌క్రో దాచుంచాను, నేనే కుట్టి పంపిస్తాను. నీ ఎడమ షూ లేసుల దగ్గర వెడల్పెంతో రాయి. టేపు పెట్టి కొలువు చిట్టీ, కంటితో కాదు.

నీ పెద్దమ్మ