పాఠకుల ప్రశ్నలు: భక్త చిత్రాల్లో ఎవరికి చోటు దొరికింది?

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ పిల్లలకు పాత భక్త చిత్రాలు చూపించి, వాటిలో కులాన్నీ ఆడవాళ్లనీ ఎలా చూపారో మాట్లాడించాలని ఉంది. రెండు పీరియడ్లే దొరుకుతాయి. దేనితో మొదలుపెట్టమంటారు?
– ఒక అధ్యాపకురాలు, తిరుపతి

జవాబు: కన్నప్పతో మొదలుపెట్టండి. శ్రీకాళహస్తి పక్కనే కాబట్టి కన్నప్ప కొండ ఎక్కినవాళ్లు మీ క్లాసులోనే ఉంటారు. పాత సినిమాలు రెండున్నాయి: కన్నడ రాజ్‌కుమార్ నటించిన ఒకే ఒక్క తెలుగు చిత్రం ‘శ్రీ కాళహస్తీశ్వర మహాత్మ్యం’ (1954), బాపు తీసిన ‘భక్త కన్నప్ప’ (1976).

సినిమా వేసేముందు పది నిమిషాలు శివభక్తుల కథలు చెప్పే 12వ శతాబ్దపు తమిళ గ్రంథం పెరియపురాణంలోని కథ చెప్పండి. అందులో తిన్నడు (కన్నప్ప అసలు పేరు) వేటగాళ్ల బిడ్డ. నోటితో నీళ్లు తెచ్చి అభిషేకం చేస్తాడు, తలలో తురుముకొచ్చిన పూలు పెడతాడు, రుచి చూసి మంచి మాంసం ముక్కలే నివేదిస్తాడు. పూజారి శివగోచరియార్ దుర్మార్గుడు కాడు. ఎముకలు చూసి కుమిలిపోయి, గుడి శుభ్రం చేసుకుని మళ్లీ పూజకు కూర్చునే నిష్ఠాపరుడు. ఆరో రోజు చాటున నిలబడి, తిన్నడు కన్ను పెరికి ఇవ్వడం కళ్లారా చూస్తాడు. ఇద్దరిదీ నిజమైన భక్తే. అందుకే ఆ కథకు అంత బరువు.

సినిమాలు ఇక్కడే దారి మార్చాయి. 1954లో కథానాయకుడు శాపం తగిలి భూమ్మీదికి వచ్చిన దేవలోకవాసి. 1976లో పూర్వజన్మలో అర్జునుడు. అంటే బోయవాడు బోయవాడిగానే గొప్పవాడు కావడానికి సినిమాకు మనసొప్పలేదు. ఇది చిన్న మార్పు కాదు. పూజారేమో కపటిగా మారాడు. 1976లో రావు గోపాలరావు వేసిన కైలాసనాథ శాస్త్రిని చూడండి. ఆ ఒక్కడి ఆట కట్టగానే కథ సుఖాంతం. ఎవరు గర్భగుడిలోకి రావచ్చు, ఎవరు రాకూడదన్న అసలు ప్రశ్న ఒక మనిషి చెడ్డతనం కింద జమ అయిపోయింది.

ఆడవాళ్ల సంగతికొస్తే, పెరియపురాణంలో తిన్నడికి భార్య లేదు. కానీ వేటకు ముందు పూజ చేసి దీవించే ముసలి పూజారిణి ఉంది, దేవరాట్టి అంటారు. వేటగాళ్లలో ఆడది పూజ చేయించేదన్నమాట! సినిమాలో తిన్నడికి భార్యగా నీల వచ్చింది. మరి ఆ పూజారిణికి ఏ చోటు దక్కిందో పిల్లలనే వెతకమనండి.

సినిమా మొత్తం వేయకండి. వేస్తే చివరి కన్నుల ఘట్టం దగ్గర అందరి గొంతూ పట్టేస్తుంది, ఆపైన చర్చ సాగదు. మూడు ముక్కలు చాలు: పూర్వజన్మ, పూజారితో మొదటి గొడవ, ముగింపు. ఒక్కోటి పది నిమిషాలు. ఇద్దరిద్దరికి ఒక కాగితమిచ్చి నాలుగు గడులు గీయించండి: ఎవరు మాట్లాడారు, ఎవరితో, ఆ పాత్రకు పేరుందా, ఏ యాసలో మాట్లాడింది. గూడెం జనం గుంపుగా పాడతారే గానీ పేరుతో ఎందరు మాట్లాడారో ఈ కాగితమే పట్టిస్తుంది. కొన్ని కాపీలు కోతపడి ఉంటాయి, ముందురోజే చూసుకోండి. ‘మనం అడుగుతున్నది స్క్రిప్టును, భక్తిని కాదు’ అని మొదట్లోనే చెప్పండి. చెప్పకపోతే నొచ్చుకున్న పిల్లలు నోరు మెదపరు.

ప్రశ్న: తెలుగు భక్త చిత్రాల్లో ముస్లింలు భక్తులుగా కనిపించారా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: కనిపించారు. మీ చిత్తూరు నాగయ్య స్వయంగా తీసి నటించిన ‘రామదాసు’ (1964)లో కబీరు ఉన్నాడు. చరిత్రలో కబీరు 15వ శతాబ్దం వాడు, గోపన్న 17వ శతాబ్దం వాడు; వాళ్లను కలిపింది జనంలో ఉన్న కథ. ఎన్టీఆర్ వీరబ్రహ్మేంద్రస్వామి చిత్రంలో (1984) స్వామికి శిష్యుడైన ముస్లిం, దూదేకుల సిద్దయ్యగా బాలకృష్ణ నటించారు. జనం చెప్పుకునే కథలో నవాబు ఎదుట సిద్దయ్య నమస్కరిస్తే బండ పగులుతుంది. అంటే అతని భక్తిని నమ్మడానికి మహిమ కావాల్సి వచ్చింది. ఆ సినిమా చూసేటప్పుడు సిద్దయ్య తల్లిదండ్రుల మాటలను విడిగా రాసుకోండి. కొడుకు తమను వదిలి వెళ్లిపోయాడన్న వాళ్ల బాధకు ఎంతసేపు కెమెరా నిలబడిందో గడియారం పెట్టుకుని చూడండి.