పద్దెనిమిది వేల బిల్లు, పదకొండు వందల సెన్సర్

ప్రశ్న: మాది గాజువాక. రోజూ మధురవాడలో ఆఫీసుకి సొంత పెట్రోల్ కారులో వెళ్తాను. లీటరుకి 16 ఇచ్చే బండి ఉన్నట్టుండి 11కి పడిపోయింది. సర్వీస్ సెంటర్‌లో ఇస్తే ఇంజెక్టర్లు క్లీన్ చేసి, ప్లగ్గులు, ఆక్సిజన్ సెన్సర్ మార్చి రూ.18,400 బిల్లు వేశారు. మైలేజీ మాత్రం అంతే. చివరికి ఆటోనగర్ మెకానిక్ ఒకాయన ఇంజిన్ టెంపరేచర్ సెన్సర్ పోయిందని రూ.1,100కి మార్చాడు, మళ్లీ 16 వస్తోంది. మొదటి బిల్లు వెనక్కి రాబట్టవచ్చా?

జవాబు: అడగొచ్చు. ముందు ఒక్కటి చెప్పండి, ఆ పాత టెంపరేచర్ సెన్సర్ ఎక్కడుంది? మెకానిక్ దగ్గరే వదిలేసి ఉంటే మిగతాది తర్వాత చదువుకుందురు గానీ, ముందెళ్లి తెచ్చుకోండి. మీ కేసులో అసలు సాక్షి అదే.

ఇంజిన్ వేడెక్కే కొద్దీ ఆ సెన్సర్ రెసిస్టెన్స్ (కరెంటుకి అది పెట్టే అడ్డు) తగ్గాలి. చాలా బళ్లలో చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు వేల ఓమ్‌లు ఉండేది, వేడెక్కాక రెండు మూడు వందలకి దిగుతుంది. మీది సరిగ్గా దిగలేదంటే, గాజువాక నుంచి మధురవాడ దాకా ట్రాఫిక్‌లో ఉడికిపోయిన ఇంజిన్ కూడా బండిలోని కంప్యూటర్‌కి ఇంకా చల్లగానే కనిపిస్తుంది, అది పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఇలా తప్పు లెక్క చెప్పే సెన్సర్‌కి చెక్ ఇంజిన్ లైటు వెలగకపోవచ్చు కూడా. పాత సెన్సర్‌ని వేడినీళ్లలో ముంచి మల్టీమీటర్ (రెసిస్టెన్స్ కొలిచే మీటర్) పెడితే గుట్టు బయటపడుతుంది. అది వీడియో తీయించి, మెకానిక్ చేత అఫిడవిట్ రాయించండి.

ఇక చట్టం సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో 'సేవాలోపం' అనే మాట ఉంది, కానీ మెకానిక్ అంచనా తప్పితే ప్రతిసారీ అది సేవాలోపం అయిపోదు, డాక్టర్ల విషయంలోనూ అంతే. మైలేజీ పడిపోయిందని బండి తెస్తే స్కానర్‌లో టెంపరేచర్ రీడింగ్ చూడటం ఐదు నిమిషాల పని, అది చూడకుండా ఖరీదైన పార్టులు మార్చారన్నదే మీ వాదన. నిరూపించే భారం మీదే, అందుకే జాబ్ కార్డు, అంటే మీ ఫిర్యాదూ చేసిన పనీ సర్వీస్ సెంటర్ వాళ్లు రాసే కాగితం, ముఖ్యం. అందులో "మైలేజీ తక్కువ" అని మీ ఫిర్యాదు రాసి ఉండి, స్కాన్ చేసిన ఊసే లేకపోతే సగం పని అయినట్టే.

అవతలి లాయరు ఏమంటాడో కూడా చెబుతాను. థర్మోస్టాట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీటిని అదుపు చేసే వాల్వు) తెరుచుకుని ఉండిపోయినా రీడింగ్ తక్కువే చూపిస్తుంది కదా అంటాడు. సెన్సర్ ఒక్కటే మారిస్తే రీడింగూ మైలేజీ దారికొచ్చాయి కాబట్టి అది నిలవదు. లేదంటే వైజాగ్ ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చబడతాయి, మా తప్పేముంది అంటాడు. పాడైనందుకు కాదు, చూడనందుకు అడుగుతున్నామని చెప్పండి.

ఎంత అడగాలి? పనికిరాని రిపేర్ల డబ్బు, కొంత పరిహారం, ఖర్చులు. అదనంగా తాగిన పెట్రోలు మొత్తం కట్టమంటే బిల్లులు కావాలి, పైగా సర్వీస్ సెంటర్‌కి వెళ్లకముందు తాగింది వాళ్ల ఖాతాలో పడదు, ఆశ పెట్టుకోకండి. వాళ్లు పార్టులు మార్చాక, ఈ సెన్సర్ మారేదాకా నడిచిన రోజులకైతే అడగొచ్చు.

ముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి, చట్టం తప్పనిసరి అనకపోయినా చాలా గొడవలు అక్కడే తెగుతాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ ఫిర్యాదు పెట్టండి. కదలకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు సర్వీస్ సెంటర్‌కి కట్టింది 5 లక్షల లోపే కాబట్టి కమిషన్ ఫీజు లేదు, వినియోగదారుల కేసులు వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు (నేను చెప్పకూడని మాటే, కానీ 18 వేల కేసుకి నా ఫీజు కూడా ఎందుకు). గడువు రెండేళ్లు, ఆలస్యం చేయకండి.

జాబ్ కార్డు కాపీ లేకపోతే ఇవాళే వాట్సాప్‌లో అడగండి. ఇవ్వకపోయినా, అడిగిన మెసేజ్ మీ దగ్గర ఉంటుంది.