‘ఏకకుండ’ సంశ్లేషణ అనవచ్చా?

సందేహం: కర్బన రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. తెలుగులో రాసిన వ్యాసానికి ‘ఏకకుండ బహుళ అనుఘటక విషమచక్రీయ కర్బన సమ్మేళనాల సంశ్లేషణ’ అని పేరు పెట్టాను. ఒకే పాత్రలో (వన్-పాట్) పలు పదార్థాలను కలిపి విషమచక్రీయ (హెటెరోసైక్లిక్) సమ్మేళనాలను తయారుచేయడం దాని విషయం. ‘కుండ’ తప్పని ఒకరు, ‘విషమ’ అంటే ప్రమాదకరమనే అర్థం వస్తుందని మరొకరు అన్నారు. ఏది సరైనది?

సమాధానం: ఈ శీర్షికలో అసలు దోషం అన్వయంలో ఉంది. తెలుగులో విశేషణం తన వెంటనే వచ్చే నామాన్ని పట్టుకుంటుంది కాబట్టి, మీరు రాసిన వరుసలో ‘ఏకకుండ’, ‘బహుళ అనుఘటక’ అనేవి సంశ్లేషణకు కాక సమ్మేళనాలకు విశేషణాలై కూర్చున్నాయి. షష్ఠీవిభక్తిలో ఉన్న ‘సమ్మేళనాల’ అన్న మాటను ముందుకు తెచ్చి ‘విషమచక్రీయ కర్బన సమ్మేళనాల ఏకపాత్ర బహుఘటక సంశ్లేషణ’ అంటే ఏది దేనికి చెందుతుందో తేలిపోతుంది.

‘ఏక’ అనే సంస్కృత పదాన్ని ‘కుండ’ అనే తెలుగు మాటతో సమసింపజేస్తే వైరిసమాసమవుతుంది (అలా రెండు భాషల మాటలను కలపకూడదని నియమం); పైగా కుండ అనగానే మనకు మట్టిపాత్రే తోస్తుంది. ‘ఏకపాత్ర’ అంటే నాటకరంగం గుర్తుకొస్తుందేమోనన్న శంక అక్కర్లేదు, పక్కనే ఉన్న ‘సంశ్లేషణ’ ఆ అర్థాన్ని రానివ్వదు. ‘బహు’, ‘అనుఘటక’ కలిస్తే యణాదేశంతో (ఉకారం వకారంగా మారే సంధితో) ‘బహ్వనుఘటక’ అవుతుంది. అది సాధువే అయినా నోరు తిరగదు కనుక ‘బహుఘటక’ మేలు.

‘విషమ’ విషయంలో మీరు వెనుకాడవలసిన పని లేదు. రోగి పరిస్థితి విషమించిందన్నప్పటి అర్థం ఒకటుంటే, సమం కానిదనే మూలార్థం మరొకటుంది. ఛందస్సులో పాదాలు ఒకే తీరున లేని పద్యాన్ని విషమవృత్తమనడం ఈ అర్థంలోనే. వలయంలోని పరమాణువులన్నీ కర్బనమే కాకపోవడం ఇక్కడి వైషమ్యం. ‘కర్బన’ అన్న మాటనూ తీసివేయకండి, కర్బనం లేని విషమచక్రీయ సమ్మేళనాలూ ఉన్నాయి: బోరాజీన్ అనే సమ్మేళనపు వలయంలో బోరాన్, నత్రజని తప్ప కర్బనమే లేదు.

శీర్షిక ఎంత శుద్ధంగా ఉన్నా నామాల వరుస పాఠకుణ్ణి అలసింపజేస్తుంది. అందువల్ల వ్యాసంలో తొలిసారి దాన్ని క్రియలతో విప్పి చెప్పాలి. ఉదాహరణకు 1891లో ఇటలీ రసాయన శాస్త్రజ్ఞుడు బిజినెల్లి వెలువరించిన చర్యను ఇలా రాయవచ్చు: ‘బెంజాల్డిహైడ్, ఇథైల్ ఎసిటోఅసిటేట్, యూరియా – ఈ మూడింటినీ ఒకే పాత్రలో ఇథనాల్‌లో కలిపి, కొద్దిగా ఆమ్లం చేర్చి వేడిచేస్తే డైహైడ్రోపిరిమిడినోన్ ఏర్పడుతుంది. దాని వలయంలోని ఆరు పరమాణువుల్లో రెండు నత్రజనులూ ఒక కర్బనమూ యూరియావి, ఒక కర్బనం ఆల్డిహైడ్‌ది, మిగిలిన రెండు కర్బనాలు ఎసిటోఅసిటేట్‌వి.’ ఇది చదివాక ‘బహుఘటక’ అన్న మాటకు వేరే నిర్వచనం ఇవ్వనక్కరలేదు.

చాలామంది ‘ఏకపాత్ర’, ‘బహుఘటక’ పదాలను పర్యాయాలుగా వాడుతున్నారు, అది సరికాదు. మధ్యలో ఏర్పడిన పదార్థాన్ని వేరుచేయకుండా అదే పాత్రలో తర్వాతి దశను నడిపితే, ఒక్కో దశలో రెండే పదార్థాలు చర్య జరిపినా అది ఏకపాత్ర సంశ్లేషణే. మూడు లేదా అంతకు మించిన అభిక్రియకాలు (చర్యలో పాల్గొనే పదార్థాలు) కలిసి, వాటి పరమాణువుల్లో అధికభాగం ఉత్పన్నంలో చేరినప్పుడే ‘బహుఘటక’ అనాలి. మీ పరిశోధనలో రెండు లక్షణాలూ ఉంటే రెండు మాటలనూ ఉంచండి. ఒకటే ఉంటే రెండోదాన్ని తొలగించండి.