దుబాయ్ పోతున్న మా అల్లుడికి

అల్లుడూ,

నువ్వు హైదరాబాద్ పోయి మెడికల్ చేయించుకొచ్చావన్న సంగతి మెట్‌పల్లి బస్టాండులో చాయ్ తాగుతుంటే ఎవరో చెప్పారు. మేనమామకు ముందు చెప్పాల్సిన మాట ఊరంతా తిరిగొచ్చింది. బాగా కోపమొచ్చింది. ఇంటికొచ్చి అన్నం తినేసరికి కోపం పోయి, ఎనిమిది నెలల బిడ్డ కోసం వీడు అప్పుడే ఎంత దూరం ఆలోచిస్తున్నాడు అనిపించింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు కాగితాల సంగతి. విజిట్ వీసా మీద పో, అక్కడ పని దొరుకుతుంది అని ఏజెంటు అంటే కుర్చీలోంచి లేచి వచ్చేయ్. లైసెన్సు ఉన్నవాడు తీసుకోవాల్సింది 30 వేలు, దానిమీద జీఎస్టీ, అంతే. రసీదు లేకుండా రూపాయి ఇవ్వకు. నీ చదువు తొమ్మిదిలో ఆగింది కాబట్టి నీది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి పోవాలంటే సర్కారు అనుమతి కావాలి. ఆ ఎమిగ్రేషన్ క్లియరెన్సు అయ్యాకే విమానం ఎక్కు. ప్రవాసీ బీమా రెండేళ్లకు 275 రూపాయలు. ప్రమాదంలో జరగరానిది జరిగితే ఇంటికి 10 లక్షలు వస్తాయి. ఆ కాగితం జిరాక్సు తీసి నీ పెళ్లాం చేతికివ్వు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ చట్టముంది. ఫోర్‌మన్ అరిచినా సరే, నీడకు పో.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చేసిన తప్పు మాత్రం నేనే చెప్పాలి.

1994లో బొంబాయి మీదుగా పోయాను. షట్టరింగ్ పని, నెలకు 600 దిర్హాములు. దిర్హం అప్పుడు ఎనిమిదిన్నర రూపాయలు. రెండేళ్లు నిండబోతుంటే మీ అత్త, ఊరి నుంచి వచ్చే ఒకాయనతో కాగితం పంపింది. మా పెద్దపిల్లను నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీసిన కాగితం. కదిలినట్టుంది, బొటనవేలు దగ్గర గీత రెండుసార్లు పడింది. దాన్ని జేబులో పెట్టుకొని శుక్రవారం బజారుకు పోయి, షాపువాడి ముందు పరిచి, ఎర్ర చెప్పులు కొన్నాను. నడిస్తే కీచుమని చప్పుడు చేసేవి. పెరిగే పిల్ల కదా అని వేలెడు పెద్దవే తీసుకున్నాను. డబ్బా మంచం కింద పెట్టాను.

సెలవుకు పోవాల్సిన నెలలో కంపెనీవాళ్లు అడిగారు, ఇంటికి పోతావా, టికెట్ డబ్బు తీసుకుంటావా అని. టికెట్, సెలవు జీతం కలిపి 1400 దిర్హాములు. ఇంటి స్లాబు సగంలో ఉంది. తీసుకున్నాను. రూములో అందరూ శభాష్ అన్నారు. పెళ్లాం పిల్లల కోసం సెలవు కూడా వదులుకున్నానని నాకూ గొప్పగానే అనిపించింది. రోజూ పొద్దున కుబ్బూస్ రొట్టె చాయ్‌లో ముంచుకొని తినేవాణ్ని, కూర డబ్బు మిగులుతుందని. అది చేశానని నాకిప్పటికీ బాధ లేదు. ఆ 1400 తీసుకున్నందుకే.

1998లో ఇంటికొచ్చాను. పిల్లకు ఆరేళ్లు. డబ్బా విప్పి చెప్పులు చేతికిచ్చాను. పాదం చూస్తేనే తెలిసిపోయింది, సరిపోవని. అది మాత్రం ఏమీ అనలేదు. వేళ్లు ముడుచుకొని, మడమ బయటికే వదిలేసి, వాకిట్లో అటు చివర నుంచి ఇటు చివరకు కీచు కీచుమంటూ నడిచింది. "మంచిగున్నయి బాపూ" అంది. కొత్త స్లాబు కింద కూర్చొని అది చూశాను. ఆ చెప్పులు తర్వాత మీ చెల్లె తొడుక్కుంది, నీకు గుర్తుండే ఉంటుంది.

అందుకే అంటున్నాను, సెలవు వస్తే రా. స్లాబు ఒక ఏడాది ఆలస్యమైతే కొంపలేం మునగవు. నాకు తెలుసు, నువ్వు మీ నాన్న కొడుకువి, చెబితే వినవు. బావ మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసే రోజుల్లో వ్యాపారులు సాయంత్రం ఒక బన్ను ఇచ్చేవాళ్లు. అది తినకుండా తువ్వాలలో చుట్టి నీకు తెచ్చేవాడు. పసుపు వాసన వస్తోందని నువ్వు ముఖం తిప్పుకునేవాడివి. ఆయన నవ్వి, దులిపి, మళ్లీ ఇచ్చేవాడు. ఆకలి కాలేదా బావా అంటే, చాయ్ తాగానులే అనేవాడు. కానీ రోజూ చీకటి పడేసరికి ఇంట్లో ఉండేవాడురా.

వీడియో కాల్ ఉంది కదా మామా అంటావు. ఉంది. అందులో పాదం కొలత తెలియదు.

ఆదివారం రా. అట్టపెట్టె కట్టడానికి నైలాన్ తాడు ఉంచాను. పేరు మార్కర్‌తో నేను రాస్తాను, నీ రాత ఎవరికీ అర్థం కాదు. బిడ్డను కూడా తీసుకురా.

మీ మామ