టాస్క్ మేనేజర్ తెరవగానే ఫ్యాన్ ఎందుకు ఆగింది?

ప్రశ్న: మాది చిన్న డీటీపీ సెంటర్. రెండు వారాలుగా కంప్యూటర్ ఫ్యాన్ ఉన్నట్టుండి హోరెత్తుతోంది. సంగతేమిటో చూద్దామని, ఏ ప్రోగ్రామ్ ఎంత పని చేస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిస్తే చాలు, చప్పుడు తగ్గిపోతోంది. సీపీయూ వాడకం 4 శాతమే చూపిస్తోంది. మూసేసిన కాసేపటికి మళ్లీ మొదలు. విండోస్‌తో వచ్చిన డిఫెండర్‌తో మూడుసార్లు స్కాన్ చేశాను, ఏమీ లేదంటోంది. అన్నట్టు, అంతకుముందు ఫొటోల సాఫ్ట్‌వేర్‌ను డబ్బు కట్టకుండా వాడుకోవడానికి క్రాక్ ఒకటి వేశాను. - తెనాలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ 'అన్నట్టు' దగ్గరే మీ జవాబు ఉంది. క్రాక్‌తో పాటు ట్రోజన్ అనే దొంగ ప్రోగ్రామ్ ఒకటి లోపలికి వచ్చినట్టుంది. లక్షణాలను బట్టి అది మైనర్ రకం. అంటే మీ కరెంటుతో, మీ ప్రాసెసర్‌తో ఎవరికో క్రిప్టో కరెన్సీ సంపాదించి పెట్టేది. బిట్‌కాయిన్‌కు ప్రత్యేక యంత్రాలు కావాలి కానీ, మొనేరో అనే కరెన్సీకి మామూలు ప్రాసెసర్ చాలు. అందుకే వీళ్ల కన్ను మీలాంటి వాళ్ల కంప్యూటర్ల మీద పడుతుంది. ఇలాంటివాటిలో చాలా వరకు టాస్క్ మేనేజర్ తెరుచుకోవడాన్ని గమనిస్తూ ఉంటాయి. అది కనబడగానే పని ఆపేసి బుద్ధిమంతుల్లా కూర్చుంటాయి.

వైరస్ తనంతట తాను ఇతర ఫైళ్లకు అంటుకుంటూ పోతుంది. ట్రోజన్‌కు ఆ శక్తి లేదు. ఎవరో ఒకరు దాన్ని లోపలికి తీసుకురావాలి. గ్రీకు కథలో చెక్క గుర్రాన్ని ట్రాయ్ నగరవాసులే కోటలోకి లాక్కెళ్లారు కదా, పేరు అక్కడిదే. మీ విషయంలోనూ అదే జరిగి ఉంటుంది. 'ముందు యాంటీవైరస్ ఆపండి' అని క్రాక్‌తో వచ్చిన సూచనల ఫైల్‌లో ఉంటుంది, మనం ఆపుతాం. అనుమతి అడిగితే 'ఎస్' నొక్కుతాం. అడ్మినిస్ట్రేటర్ హక్కులు చేతికి వచ్చాక అది చేసే మొదటి పనుల్లో ఒకటి, తానున్న ఫోల్డర్‌ను డిఫెండర్ మినహాయింపుల జాబితాలో చేర్చుకోవడం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి మాట ఎలా ఉన్నా డిఫెండర్ మాత్రం పట్టదు, అటు చూడవద్దని దానికే రాసిపెట్టి ఉంది మరి.

కాబట్టి నాలుగోసారి స్కాన్ చేయకండి. ముందు విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ త్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగుల్లోకి వెళ్లి, అట్టడుగున ఉన్న ఎక్స్‌క్లూజన్స్ తెరవండి. మీరు పెట్టని పేరు ఏది కనిపించినా తీసేయండి. ఒక్కోసారి సీ డ్రైవ్ మొత్తాన్నీ మినహాయించి ఉంటుంది! తీసేశాక కంప్యూటర్‌ను ఒకసారి ఆపి, మళ్లీ వేసి చూడండి. ఆ పేరు తిరిగి వచ్చిందంటే, చేర్చేవాడు ఇంకా లోపలే ఉన్నాడన్నమాట.

తరువాత స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. చేతిలో ఉన్న పని సేవ్ చేసుకుని మరీ నొక్కండి, వెంటనే రీస్టార్ట్ అవుతుంది. విండోస్ పూర్తిగా లేవకముందే, అంటే ట్రోజన్ కూడా లేవకముందే వెతకడం దీని ప్రత్యేకత. పావుగంట దాకా పట్టవచ్చు.

అది ఎక్కడ కూర్చుందో కళ్లారా చూడాలనుకుంటే మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్ ఉపకరణాలు రెండున్నాయి, ఉచితం. మొదటిది ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్. దించుకున్న ఫైల్ పేరును 'శుభలేఖ' అనో మరొకటో మార్చి నడపండి. పేరు చూసి దాక్కునే మైనర్లు కొన్ని దీనితో దొరికిపోతాయి. ఎస్‌వీసీహోస్ట్ అనే పేరు చాలాసార్లు కనిపిస్తుంది, బెదరకండి, అది విండోస్‌దే. కానీ దాని చోటు విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32. అదే పేరుతో యాప్‌డేటాలోనో టెంప్ ఫోల్డర్‌లోనో ఒకటి నడుస్తుంటే అది వేషం. రెండోది ఆటోరన్స్. కంప్యూటర్ వేయగానే ఏవేవి లేస్తాయో అన్నీ చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ వాటిని దాచే ఎంపిక పెట్టుకుంటే జాబితా చిన్నదవుతుంది. షెడ్యూల్డ్ టాస్క్స్ విభాగాన్ని తప్పక చూడండి, ఫైల్ తుడిచేసినా మళ్లీ మొలకెత్తించే ఏర్పాటు తరచూ అక్కడే ఉంటుంది. అనుమానం ఉన్నవాటిని వెంటనే తొలగించకుండా, ముందు టిక్ తీసి చూడండి.

ఇంత చేశాక ఫ్యాన్ నెమ్మదించవచ్చు. అయినా ఆ కంప్యూటర్‌లో మీరు బ్యాంకు లావాదేవీలు చేస్తుంటే, నేనైతే దాన్ని నమ్మను. మైనర్‌తో పాటు పాస్‌వర్డులు దొంగిలించేది కూడా అదే మూటలో రావడం మామూలే. అలాంటివి బ్రౌజర్ కుకీలను, అంటే మీరు లాగిన్ అయి ఉన్నారని గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లను కూడా ఎత్తుకుపోతాయి. అవి దొరికితే పాస్‌వర్డూ ఓటీపీ లేకుండానే మీ ఖాతాలోకి దూరే వీలుంటుంది. అందుకని ముందు ఫోన్ నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చి, అన్ని పరికరాల్లోనూ సైన్ అవుట్ చేయండి. ఆపై వేరే కంప్యూటర్‌లో తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తో విండోస్‌ను కొత్తగా వేయించుకోండి. తెలుగు ఫాంట్లు, కీబోర్డులు మళ్లీ కూర్చుకోవడం ఎంత తలనొప్పో తెలుసు. మీది ఇంకా విండోస్ 10 అయితే దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, యంత్రం తట్టుకునేదైతే ఈ పనిలోనే 11 వేయించేయండి.

బ్యాకప్‌లో డిజైన్లు, ఫొటోలు, లెక్కలు తీసుకోండి, ప్రోగ్రాములు వద్దు. డీటీపీ సెంటర్లలో డీ డ్రైవ్‌లో 'సెటప్స్' అని ఒక ఫోల్డర్ ఉంటుంది, ఏళ్ల తరబడి పోగైన సాఫ్ట్‌వేర్లన్నీ అందులోనే. మీ క్రాక్ కూడా అక్కడే ఉండి ఉంటుంది. కొత్త విండోస్ వేసిన సాయంత్రమే దాన్ని మళ్లీ నొక్కినవాళ్లను చూశాను.

ప్రశ్న: బంధువుల నంబరు నుంచి వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అంటూ ఏపీకే ఫైల్ వచ్చింది. ఇన్‌స్టాల్ చేస్తే ఏమీ కనిపించలేదు. ప్రమాదమా? - కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ప్రమాదమేనమ్మా. శుభలేఖ బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, ఏపీకే అంటే యాప్. ఇలాంటివి మీకు వచ్చే మెసేజ్‌లు, అంటే ఓటీపీలు చదివి పంపుతుంటాయి. ముందు మొబైల్ డేటా, వైఫై ఆపండి. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ యాప్స్ చూసి కొత్త పేరు ఏదైనా ఉంటే అనుమతి తీసేసి, అప్పుడు ఆ యాప్‌ను తొలగించండి. వదలకపోతే సేఫ్ మోడ్‌లో, అంటే మనం వేసుకున్న యాప్‌లు లేవకుండా ఫోన్ తెరిచే పద్ధతిలో ప్రయత్నించండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి లావాదేవీలు ఆపించండి. డబ్బు పోయి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ శుభలేఖ పంపిన బంధువులకూ చెప్పండి, వాళ్ల ఫోన్ ఇప్పటికే వేరొకరి చేతిలో ఉండి ఉంటుంది.